గుంత తవ్వితే గమకం రాదు

ఎలక్ట్రిక్ గిటార్ హైదరాబాద్‌లోని మణికొండకు బాగా కుదిరిన వాద్యం. ఫ్లాట్‌కీ ఫ్లాట్‌కీ మధ్య ఒక్క గోడే అడ్డున్న చోట, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరినవాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పక్కింటివాళ్ల నిద్ర చెడకుండా సాధన చేసుకోవచ్చు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉద్యోగం కుదురుకోగానే ముచ్చటపడి మంచి గిటార్ కొనుక్కునేవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది. వాయించడం కాస్త పట్టుబడ్డాక వాళ్లలో కొందరి చూపు స్కాలపింగ్ మీదికి మళ్లుతుంది. ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ మధ్యనున్న చెక్కను లోపలికి వంపుగా తొలిచేయడమే స్కాలపింగ్. తొలిచిన చెక్క మళ్లీ రాదు. అందుకే ఆకురాయి చేతపట్టక ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

అపోహ: స్కాలప్ చేయిస్తే వేళ్లు పరుగెడతాయి

ఈ నమ్మకానికి మూలం ఇద్దరు వాద్యకారులు. ఒకరు డీప్ పర్పుల్ బృందంలో ఒకప్పుడు వాయించిన రిచీ బ్లాక్‌మోర్, రెండోవారు ఆయన బాటలో వచ్చిన స్వీడన్ దేశస్థుడు ఇంగ్వే మాల్మ్‌స్టీన్. మాల్మ్‌స్టీన్ పేరు మీద ఫెండర్ కంపెనీ 1988లో స్కాలప్ చేసిన స్ట్రాటోకాస్టర్‌నే తెచ్చింది. ఆయన చేతివేగం విని, అదంతా ఆ గుంతల మహిమేనని చాలామంది అనుకున్నారు. ఆయన తొలి తీగ 8 గేజ్ అని, అంటే మందం 0.2 మిల్లీమీటర్లేనని మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ.

స్కాలప్ వల్ల తీగకూ ఫ్రెట్‌కూ మధ్య దూరం వెంట్రుకవాసి కూడా తగ్గదు. స్వరం పలకాలంటే వేలు దిగాల్సిన లోతు అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. మారేది వేలికొన కింద ఏముందన్నదే. మామూలు గిటార్ మీద తీగను పక్కకు లాగేటప్పుడు వేలి కండ చెక్కకు రాసుకుంటుంది. స్కాలప్ చేసినదాని మీద అడుగున చెక్క తగలదు కాబట్టి ఆ రాపిడి పోతుంది, తీగ పక్కభాగం వేలికి బాగా అందుతుంది. బెండ్‌లూ వైబ్రాటో చేతికి వశమవుతాయి. లాభం ఇదే, ఇది నిజమైన లాభం. వేగం మాత్రం కుడిచేతి పిక్, ఎడమచేతి వేలు ఒకే క్షణంలో కలవడంలో ఉంది. దాన్ని ఏ చెక్కపనీ ఇవ్వలేదు.

దీనికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. మామూలు ఫ్రెట్‌బోర్డు మీద గట్టిగా నొక్కినా వేలు చెక్కకు ఆనుకుని ఆగుతుంది. స్కాలప్‌లో ఆపేది లేదు. ఎంత నొక్కితే తీగ అంత లోతుకు దిగుతుంది, దిగినకొద్దీ బిగుస్తుంది, బిగిసినకొద్దీ శ్రుతి పైకి పోతుంది. ఒక లెక్క చూడండి. 648 మిల్లీమీటర్ల స్కేలున్న గిటార్ మీద 9 గేజ్ తొలి తీగను, 7, 8 ఫ్రెట్ల నడిమధ్యలో, ఫ్రెట్ల ఎత్తు కన్నా కేవలం 1 మిల్లీమీటరు కిందికి నొక్కితే స్వరం దాదాపు 15 సెంట్లు పెరుగుతుంది. అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు. ఒక్క స్వరమైతే ఆ తేడాను చెవి ఓర్చుకోవచ్చు. కార్డ్ పట్టినప్పుడు మూడు వేళ్లు మూడు రకాలుగా నొక్కుతాయి, అక్కడ అపశ్రుతి కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది.

స్కాలప్ మీకు పనికొస్తుందో లేదో ఇప్పుడున్న గిటార్ మీదే తేల్చుకోవచ్చు. ట్యూనర్ పెట్టి, తీగ మీద వేలిని ఆనీ ఆననట్టు ఉంచి మీటండి. బరబరమంటుంది. ఆ బరబర పోయేంతవరకే బరువు పెంచండి. స్వరం పలకడానికి కావలసిన బలం అంతే. మామూలుగా మీరు వాడే బలం దానికి రెండింతలో మూడింతలో ఉంటే, ముందు మార్చుకోవాల్సింది చేతిని.

అపోహ: మన గమకాలు పలకాలంటే గుంతలున్న గిటారే కావాలి

మామూలు ఫ్రెట్‌బోర్డు ‘కట్టేసినట్టు’ ఉంటుందనీ, కర్ణాటక సంగీతం వాయించాలంటే స్కాలప్ తప్పదనీ గట్టిగా నమ్మేవాళ్లున్నారు. ఈ నమ్మకంలో సగం నిజముంది. ఆ సగం వీణ దగ్గరిది.

వీణ మీద వేలికి చెక్క తగలదు. 24 ఇత్తడి మెట్లు మైనం గట్ల మీద ఎత్తుగా కూర్చుని ఉంటాయి, రెండు మెట్ల మధ్య ఉండేది ఖాళీయే. ఈ 24 మెట్ల అమరికను 1600–1634 మధ్య తంజావూరు ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుడి పేర చెప్పుకుంటారు. స్కాలప్ ఇవ్వగలిగినదంతా, అంతకన్నా ఎక్కువే, మన వాద్యంలో నాలుగు వందల ఏళ్లుగా ఉందన్నమాట. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లు ఈనాటికీ ఆ అమరికనే పాటిస్తున్నారు. వియత్నాం వాళ్లు ఈ పని సరాసరి గిటార్ మీదే చేశారు. అక్కడి కాయ్‌లుఒంగ్ నాటకాల్లో వాయించే గిటార్‌కు ఫ్రెట్ల మధ్య లోతైన గుంతలుంటాయి.

అయితే వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారో చిట్టిబాబు గారో ఒకే మెట్టు మీద తీగ లాగి రెండు మూడు స్వరాలు దాటించారంటే దానికి ఖాళీ ఒక్కటే కారణం కాదు. వీణ తీగ పొడవైనది, దాని బిగువు తక్కువ. లాగితే సాగుతుంది. గిటార్ తీగ పొట్టిది, బిగువైనది. ఒకే శ్రుతిలో, ఒకే పొడవులో 9 గేజ్ తీగ మీద దాదాపు 6 కిలోల బిగువుంటే, 10 గేజ్ తీగ మీద 7 కిలోలు దాటుతుంది. తీగ మందం తొమ్మిదో వంతు పెరిగితే బిగువు దాదాపు పావు వంతు పెరిగినట్టు. గమకం కోసం తపించేవాళ్లు గుంతల కన్నా ముందు ఆలోచించాల్సింది తీగ గేజ్ గురించే. గేజ్ మార్చడానికి కొన్ని వందల రూపాయలు చాలు, నచ్చకపోతే పాత గేజ్‌కు మళ్లీ వెళ్లొచ్చు.

గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఉదాహరణ అందరూ చెబుతారు. చెప్పాల్సిందే, కానీ మొత్తం చెప్పాలి. ఆయన అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. ఆ తర్వాతే ‘శక్తి’ బృందం కోసం, గిటార్ తయారీదారు ఏబ్ వెక్టర్ చేతుల మీదుగా, స్కాలప్ చేసిన ఫ్రెట్‌బోర్డూ అడుగున ఏడు అనునాద తీగలూ ఉన్న గిబ్సన్ గిటార్ వచ్చింది. బృందం తొలి ఆల్బమ్ 1976లో విడుదలైంది. అంటే చెవీ చెయ్యీ ముందు వీణ దగ్గర తయారయ్యాయి, చెక్క ఆ తర్వాత తొలిచారు. ఈ వరస తిరగేస్తే ఫలితం దక్కదు.

అదే మెక్‌లాఫ్లిన్ పక్కన, ‘రిమెంబర్ శక్తి’ బృందం వేదికల మీద, మన పాలకొల్లు బిడ్డ కూర్చున్నారు. 1969లో పుట్టి 2014లో అకాలంగా వెళ్లిపోయిన మాండలిన్ యు. శ్రీనివాస్. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయన వయసు తొమ్మిదేళ్లు. మాండలిన్ అంటే ఫ్రెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నంత ఇరుకు మెడ, పొట్టి తీగలు, అవీ జంటలు జంటలుగా. గమకానికి ఇంత ప్రతికూలమైన వాద్యం వెతికినా దొరకదు. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు కట్టారు, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చారు, పికప్‌తో వాద్యాన్ని ఎలక్ట్రిక్ చేశారు. ఇవన్నీ తీగలకూ ధ్వనికీ చేసిన మార్పులు. మిగిలినదంతా చేతిదే. జారులో, తీగ లాగడంలో, మీటు పడే చోటులో ఆయన గమకం పుట్టింది. తోడిలో గాంధారం ఊగించడానికి ఫ్రెట్ అడ్డమనేవాళ్లు ఆయన రికార్డింగ్ ఒక్కటి శ్రద్ధగా వింటే చాలు.

అపోహ: తీగలు ఎంత కిందికి ఉంటే సెటప్ అంత గొప్ప

యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, తగ్గితే నొక్కడం సులువవుతుంది. కానీ మరీ తగ్గిస్తే బెండ్ చచ్చిపోతుంది. పాత ఫెండర్ గిటార్ల ఫ్రెట్‌బోర్డు అడ్డంగా చూస్తే బాగా గుండ్రం, దాని వ్యాసార్ధం 184 మిల్లీమీటర్లే. అలాంటి బోర్డు మీద తొలి తీగను మధ్యకు లాగితే, తీగ ఆ గుండ్రం నడినెత్తిన పై ఫ్రెట్‌కు తగిలి స్వరం టక్కున ఆగిపోతుంది. పైగా తీగ మరీ కిందికి ఉంటే దాని పక్కన వేలు ఆనించి లాగడానికి పట్టు దొరకదు. స్కాలప్ చేయిద్దామనుకునేవాళ్లలో కొందరికి అసలు కావలసింది ఈ పట్టే. తీగల ఎత్తు కాస్త పెంచితేనో, ఫ్రెట్లు మార్చే రోజు వచ్చినప్పుడు ఎత్తైన జంబో ఫ్రెట్లు వేయిస్తేనో ఆ కోరిక చాలావరకు తీరుతుంది. ఇప్పటి బోర్డులకు 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లని ఫెండర్ చెప్పే కొలత మొదలుపెట్టడానికి మంచిదే. అక్కడే ఆగాలనేం లేదు. నొక్కడం సులువుగా ఉంటేనే సంగీతం పలుకుతుందనీ కాదు: గిటారిస్టు స్టీవీ రే వాన్ మందపాటి 13 గేజ్ తీగలు కట్టి, అర్ధస్వరం శ్రుతి దించి బ్లూస్ పలికించారు.

అపోహ: తీగలు ఎత్తుగా ఉంటే ట్రస్ రాడ్ తిప్పాలి

కాదు. నెక్ లోపలుండే ఆ ఇనుప కడ్డీ పని నెక్ వంపును సరిచేయడం. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కిపట్టి, 8వ ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడాలి. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. ఎత్తు తగ్గించాలంటే వంపు సరయ్యాక బ్రిడ్జి దగ్గరి శాడిళ్లు దించాలి, మొదటి ఫ్రెట్ల దగ్గరే ఎత్తనిపిస్తే నట్ గాడి చూడాలి. ఈ వరస తప్పి అలెన్ కీతో రాడ్‌నే బిగిస్తూ పోతే నెక్ వెనక్కి వంగి మొదటి ఫ్రెట్లన్నీ బరబరమంటాయి. ఒక్కసారికి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పవద్దు.

అపోహ: కొత్త గిటార్‌కు సెటప్ దేనికి?

హైదరాబాద్ గాలే దీనికి జవాబు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది, ఆగస్టులో 70 దాటుతుంది. ఎండాకాలంలో చెక్క కుంచించుకుని ఫ్రెట్ల కొసలు అంచున బయటికొచ్చి వేళ్లకు గీసుకుంటాయి. వానలు మొదలయ్యాక నెక్ వంపు మారుతుంది, దాంతో తీగల ఎత్తూ మారుతుంది. ఇక ఏసీ గదిలో రాత్రంతా ఉండి పగలు మూసిన ఫ్లాట్‌లో ఉడికే గిటార్ సంగతి చెప్పక్కర్లేదు. వీణకూ ఇదే గొడవ. మైనం మెత్తబడి మెట్లు కుంగితే మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించాల్సిందే. వీణ ఉన్న ఇళ్లలో దీన్ని ఎవరూ వింతగా చూడరు. ఏడాదికి రెండుసార్లు, వానలు కుదురుకున్నాకా ఎండలు ముదిరాకా, గిటార్‌ను ఒకసారి చూసుకోవడం కూడా అలాంటిదే. ఆ చూడటంలో ఇంటొనేషన్ మరవకూడదు. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ ఒక శ్రుతి, నొక్కిన స్వరం అంతకన్నా హెచ్చు శ్రుతి పలికితే శాడిల్‌ను వెనక్కి జరపాలి. గేజ్ మార్చిన ప్రతిసారీ ఇది చేయాలి.

ఇంత తెలిసీ స్కాలప్ మీద మనసుంటే, నిరభ్యంతరంగా చేయించండి. అది గొప్ప అనుభవమే. గిటారిస్టు స్టీవ్ వై వాయించే ఐబనీజ్ గిటార్ల మీద 21 నుంచి 24 దాకా, చివరి నాలుగు ఫ్రెట్ల మధ్యే గుంతలుంటాయి. బెండ్‌లు ఎక్కువగా పడే చోటు అదే, కార్డ్‌లు పట్టే చోటు కాదు. మొదలుపెట్టడానికి అంత చాలు. నెక్ బోల్టులతో బిగించే రకమైతే, అదే గిటార్‌కు సరిపోయే మరో చవక నెక్ కొని దాని మీద చేయించి, అసలు నెక్‌ను బీరువాలో భద్రంగా ఉంచండి. రోజ్‌వుడ్ బోర్డుకు చేయడం తేలిక, తొలిచాక నూనె పట్టిస్తే సరిపోతుంది. వార్నిష్ వేసిన మేపుల్ బోర్డుకైతే పూత మళ్లీ వేయాలి. బోర్డు మీద చుక్కలు పలచగా పొదిగి ఉంటే తొలిచేటప్పుడు అవీ కొట్టుకుపోవచ్చు. ఆ సంగతి పని అప్పగించేటప్పుడే అడిగి తెలుసుకోండి.