ఎండలో పాత అల్యూమినియం పడవ: తుప్పు పట్టదనుకునే లోహానికి వచ్చే జబ్బులు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా టెక్సాస్, లూసియానా, ఫ్లోరిడాల్లో, ఇంటి వెనకో కారు షెడ్డు పక్కనో చిన్న అల్యూమినియం చేపల పడవ బోర్లించి ఉండటం మామూలు దృశ్యం. 12 నుంచి 14 అడుగుల పొడవు, రివెట్లతో అతికిన పల్చని రేకు, కూర్చోవడానికి రెండు మూడు బల్లలు, వెనక మోటారు తగిలించే చెక్క. అంతే పడవ. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాలు తయారుచేసిన గ్రమ్మన్ కంపెనీ, యుద్ధం ముగిశాక అదే రేకు పనితనంతో అల్యూమినియం పడవలు చేసి అమ్మింది. ఇలాంటి పడవలు దశాబ్దాల తరబడి మన్నుతాయి. అందుకే వేసవిలో పాత పడవను చవకగా కొని ఇంట్లోనే బాగుచేసుకునేవారు అక్కడ చాలామంది. అక్కడి ఎండ రెంటచింతల, రామగుండం వాసులకు కొత్తేమీ కాదు. కాకపోతే దానికి ఉక్కపోత కూడా తోడవుతుంది. పని చూడటానికి సులువు. చిక్కంతా లోహం స్వభావంలోనూ, ఆ వేడిలోనూ ఉంది.

అల్యూమినియానికి తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి తగిలిన వెంటనే అది ఆక్సిజన్‌తో కలుస్తుంది. అలా ఏర్పడే ఆక్సైడు పొర మందం కొద్ది నానోమీటర్లే. అయితే ఇనుప తుప్పులా అది పెచ్చులుగా రాలిపోదు. లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని కింది భాగానికి గాలీ నీరూ తగలకుండా కాపాడుతుంది. గీతపడితే అక్కడ మళ్లీ కొత్త పొర పుడుతుంది. ఈ కవచం నిలబడేది సుమారుగా పీహెచ్ 4 నుంచి 8.5 మధ్యలోనే. పులుపు మించినా, క్షారం మించినా కరిగిపోతుంది. సత్తు గిన్నెలో చింతపండు పులుసు నిల్వ ఉంచవద్దని ఇళ్లలో చెప్పే మాటకు ఆధారం ఇదే. పాత రంగు ఊడదీయడానికి కాస్టిక్ సోడా ఉన్న మందు వాడితే రంగుతోపాటు రేకు కూడా కరుగుతుంది, పైగా మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఎండకు కాగిన రేకు మీద ఈ చర్య ఇంకా వేగంగా సాగుతుంది. ఇనుప బ్రష్షుతో గీకడం కూడా పొరపాటే. రేకులో ఇరుక్కున్న ఇనుప రజను తర్వాత మచ్చలుగా తుప్పు పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు రాగి. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకితే అక్కడ చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలే లోహం అరిగిపోతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. రాగి, అల్యూమినియం జోడీలో అరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. పడవ అడుగున పడి మరచిపోయిన రాగి నాణెం, తెగిన తీగ ముక్క చాలు, రేకుకు చిల్లు పడటానికి.

ఈ సంగతి తెలిసినవారు కూడా వెనక చెక్క మార్చేటప్పుడు దెబ్బతింటారు. పాత ప్లైవుడ్ కుళ్లిపోయి ఉంటుంది. కొత్తది త్వరగా కుళ్లకూడదని, రసాయనాలు పట్టించిన కలపను ఎంచుకుంటారు. ఆ కలపను కాపాడేది రాగి లవణాలే. అమెరికాలో 2003 చివరి వరకు ఇళ్ల అవసరాలకు వాడిన రకంలో రాగితో పాటు క్రోమియం, ఆర్సెనిక్ ఉండేవి. క్రోమియం రాగిని కలపలో పట్టి ఉంచేది. ఆర్సెనిక్ భయంతో దాన్ని పక్కనపెట్టాక వచ్చిన రకాల్లో రాగి పాళ్లు పెరిగాయి. తడిసినప్పుడల్లా రాగి కొద్దికొద్దిగా ఊరి పక్కనున్న రేకు మీద పేరుకుంటుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున్న రేకు ఎంతకాలం తట్టుకుంటుంది? చెక్క చెక్కుచెదరదు, పడవ మాత్రం పోతుంది. మామూలు మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, అన్ని వైపులా, బోల్టు రంధ్రాల లోపలి గోడలకు సైతం ఎపాక్సీ పూయడమే మంచి పద్ధతి.

ఆ ఎపాక్సీ దగ్గర ఎండ ప్రభావం తెలుస్తుంది. రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఈ పదార్థం గట్టిపడుతూ తానే వేడిని పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఒక స్థూల లెక్క. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నిమిషాలు పనికొచ్చే మిశ్రమం 35 దగ్గర 10 నిమిషాలే ఆగుతుంది. కప్పులో కుప్పగా వదిలేస్తే వేడి బయటికి పోలేక పొగలు కక్కుతుంది కూడా. వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకుంటే కాస్త వ్యవధి దొరుకుతుంది.

రంగు వేయడానికీ వేళ చూసుకోవాలి. కాగిన రేకు మీద ద్రావకం ముందే ఆవిరైపోయి రంగు పొడిపొడిగా నిలుస్తుంది. మరీ తెల్లవారుజామున మంచు బిందువులు అడ్డం. గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కన్నా రేకు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలన్నది రంగుల పనివారి నియమం. మంచు ఆరాక, ఎండ ముదిరేలోపు పని ముగించడం మేలు. మెరిసే అల్యూమినియం ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది కదా, అంత వేడెక్కడం దేనికని అనిపించవచ్చు. పీల్చుకున్న కొద్ది వేడినీ అది కిరణాలుగా బయటికి వదలలేదు. అక్కడే ఉంది కిటుకు. తెల్ల రంగు తక్కువ పీల్చి, ఎక్కువ వదులుతుంది. ముదురాకుపచ్చ రంగు వేస్తే కూర్చోవడమే కష్టం.

వేడికి రేకు సాగుతుంది కూడా. 14 అడుగుల పడవ 35 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు కాగితే పొడవు మూడున్నర మిల్లీమీటర్లకు దగ్గరగా పెరుగుతుంది. వదులైన రివెట్లు ఈ కదలికకు మరింత వదులవుతాయి. అవి ఎక్కడున్నాయో పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది: పడవ లోపల నీళ్లు పోసి, బయట ఎక్కడెక్కడ బొట్లు కారుతున్నాయో గుర్తుపెట్టుకోవడం. ఒక లీటరు ఒక కిలో బరువు కాబట్టి అడుగున అన్నివైపులా ఆసరా ఉండాలి.

పనిచేసే మనిషి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దుమ్ము లోపలికి పోకుండా మాస్కు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, కానీ అవి ఒంటి వేడిని బయటికి పోనివ్వవు. ఎండలో పనిచేసేవారు 15-20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సలహా. ఎండకు శరీరం అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే నడినెత్తిన ఎండలో ఎనిమిది గంటలు గీకుతూ కూర్చోవడం ప్రమాదం. మాట తడబడి, ఏం చేస్తున్నాడో తెలియని స్థితి వస్తే అది వడదెబ్బ. అప్పుడు ఒళ్లు తడిపి చల్లబరుస్తూ వెంటనే అంబులెన్సును పిలవాలి.

పైకి కనిపించనిది బల్లల కింది ఫోమ్. 100 కిలోల అల్యూమినియం నీటిలో పూర్తిగా మునిగితే పైకి నెట్టే బలం 37 కిలోలకు సరిపడా మాత్రమే. మిగతా 63 కిలోలతో పాటు మోటారు బరువునూ మోయాల్సింది ఆ ఫోమే. 20 అడుగుల లోపు పడవల్లో, కొన్ని రకాలు మినహా, ఇలాంటి తేలే పదార్థం ఉండాలని అమెరికా కోస్ట్‌గార్డ్ నిబంధనలు చెబుతాయి. 100 లీటర్ల పొడి ఫోమ్ దాదాపు 97 కిలోలను తేల్చగలదు. ఏళ్ల తరబడి తడిసి సగం నీటితో నిండితే 47కు మించి మోయలేదు. పైగా తడి ఫోమ్ ఆనుకున్న చోట గాలి తగలక ఆక్సైడు పొర మళ్లీ పుట్టదు, రేకుకు గుంటలు పడతాయి. ఒక ముక్క కోసి పిండి చూస్తే సంగతి తెలుస్తుంది. కిటికీ సందులు పూడ్చే స్ప్రే ఫోమ్ దీనికి బదులు కాదు, అది నీరు పీలుస్తుంది. థర్మకోల్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. మూసుకున్న గదులుండే పాలీయూరిథేన్ ఫోమ్ నయం. దాన్ని నేల కింద కాక బల్లల కింద, పక్క గోడల పైభాగాన అమర్చాలి. తేలే బలం అంతా అడుగునే ఉంటే, నీరు నిండిన పడవ మునగకపోయినా తిరగబడుతుంది.