మీట నొక్కితే ఇరవై ఆంపులు

ఇంట్లో సొంతంగా బిగించుకునే వేపింగ్ పరికరంలో కరెంటు చేయాల్సిన పని ఒక్కటే. లిథియం సెల్ నుంచి బయలుదేరి సన్నని తీగచుట్టను (కాయిల్‌ను) కొన్ని సెకన్లపాటు వేడెక్కించాలి. చిక్కంతా ఆ కరెంటు ఎంత అన్నదాంట్లో ఉంది. పూర్తిగా ఛార్జయిన 18650 సైజు సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ నిరోధం 0.5 ఓమ్ అయితే 8.4 ఆంపులు పారతాయి. దాన్ని 0.2 ఓమ్‌కు దించితే 21 ఆంపులు, అంటే దాదాపు 88 వాట్లు. బొటనవేలంత సెల్ మీద ఇది పెద్ద బరువు. ఈ సైజులో ఎక్కువ కరెంటుకని చేసిన మేలురకం సెల్లులు కూడా ఆగకుండా ఇవ్వగలిగేది సుమారు 20 నుంచి 30 ఆంపులే.

అమెరికా, ఐరోపా దేశాల్లో ఇలాంటి డబ్బా పరికరాలను బాక్స్ మోడ్‌లంటారు. భారతదేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నింటినీ నిషేధించింది. మొదటిసారి తయారీ నేరానికే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అయితే స్విచ్చి, ఫ్యూజుల లెక్క ఈ పరికరంతోనే ఆగిపోదు. లిథియం సెల్‌తో ఎక్కువ కరెంటు లాగే టార్చిలైటు, డ్రోను, చేతి డ్రిల్లు దేనికైనా అదే వర్తిస్తుంది.

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చిన్న నొక్కుడు బటన్ల రేటింగ్ సాధారణంగా 50 మిల్లీ ఆంపులు. ఇరవై ఆంపులు నేరుగా దాని గుండా పోతే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. అందుకే బటన్‌ను సైగ ఇవ్వడానికి మాత్రమే వాడి, అసలు కరెంటును మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌కు అప్పజెబుతారు. దాని గేట్ కాలుకు వోల్టేజి అందితే డ్రెయిన్, సోర్స్ కాళ్ల మధ్య దారి తెరుచుకుంటుంది.

మాస్‌ఫెట్ ఎంపికలో చాలామంది పొరబడేది డేటాషీట్‌లోని థ్రెషోల్డ్ వోల్టేజి దగ్గర. 2 వోల్టులని రాసి ఉంటే 2 వోల్టులకే స్విచ్చి పూర్తిగా పడుతుందనుకుంటారు. నిజానికి ఆ అంకె దారి అప్పుడే తెరుచుకోవడం మొదలైందని మాత్రమే చెబుతుంది. సాధారణంగా దాన్ని పావు మిల్లీ ఆంపు కరెంటు దగ్గర కొలుస్తారు. చూడాల్సింది దారి తెరుచుకున్నాక మిగిలే ఆన్ నిరోధం, అది ఏ గేట్ వోల్టేజి దగ్గర ఇచ్చారన్నది. ఈ పనికి పేరుపడ్డ ఐఆర్‌ఎల్‌బీ3034కు 4.5 వోల్టుల గేట్ దగ్గర ఆన్ నిరోధం గరిష్ఠంగా 2 మిల్లీ ఓమ్‌లు. ఇరవై ఆంపులు పారినా అందులో పుట్టే వేడి 0.8 వాటే. అదే నిరోధం 20 మిల్లీ ఓమ్‌లైతే వేడి 8 వాట్లకు పెరుగుతుంది. హీట్‌సింక్ లేకుండా మూసిన డబ్బాలో ఆ వేడిని ఏ మాస్‌ఫెట్టూ ఎక్కువసేపు తట్టుకోలేదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒంటరి సెల్ 4.5 వోల్టులు ఎప్పుడూ ఇవ్వదు, వాడేకొద్దీ 3.2కు దిగుతుంది. అప్పుడు దారి పూర్తిగా తెరుచుకోకపోతే మాస్‌ఫెట్ తానే హీటరవుతుంది. కాబట్టి ఒక్క సెల్ పరికరానికి 2.5 వోల్టుల గేట్ దగ్గర ఆన్ నిరోధం ఇచ్చిన మాస్‌ఫెట్‌నే ఎంచుకోవాలి.

గేట్‌కూ సోర్స్‌కూ మధ్య 10 నుంచి 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. అది లేకపోతే బటన్ వదిలాక కూడా గేట్‌లో ఛార్జి నిలిచిపోయి కాయిల్ కాలుతూనే ఉంటుంది. సెల్‌ను తిరగేసి పెట్టినా ఇదే గతి. మాస్‌ఫెట్ లోపల సహజంగా ఉండే డయోడ్ గుండా బటన్ నొక్కకుండానే కరెంటు పారుతుంది.

ఇక ఫ్యూజు. ఏ ఫ్యూజైనా తన రేటింగ్‌లో ముప్పాతిక వంతు దాటకుండా పనిచేయాలన్నది వాడుకలో ఉన్న నియమం. సెల్ సామర్థ్యం 20 ఆంపులైతే ఫ్యూజు అంతకు మించకూడదు. అలాంటప్పుడు మామూలు కరెంటు 15 ఆంపుల్లోపే ఉండాలి, అంటే కాయిల్ 0.3 ఓమ్ దగ్గర ఆగాలి. అప్పుడు పారేది 14 ఆంపులు. కాయిల్‌ను ముందు చుట్టుకుని దానికి తగిన ఫ్యూజు వెతికేవాళ్లు లెక్కను తలకిందులుగా చేస్తున్నట్టే. కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజు ఈ పనికి నప్పుతుంది. దాన్ని సెల్ పాజిటివ్ కొనకు వీలైనంత దగ్గరగా పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న తీగ షార్టయితే దాన్ని కాపాడేది ఏదీ లేదు. తనంతట తాను కోలుకునే పాలిమర్ ఫ్యూజులు నెమ్మదిగా స్పందిస్తాయి, పైగా డబ్బా వేడెక్కితే వాటి రేటింగే మారిపోతుంది. ప్రధాన రక్షణగా వాటిని నమ్మకూడదు.

రేటింగ్‌కు రెట్టింపు కరెంటు పారినా బ్లేడ్ ఫ్యూజు తెగడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. పూర్తి షార్టులో వంద ఆంపులకు పైగా పరుగెత్తినప్పుడే అది చిటికెలో తెగుతుంది. ఇంకా ముఖ్యమైన సంగతి: మాస్‌ఫెట్ పాడైనప్పుడు చాలాసార్లు ఆఫ్ కాకుండా ఆన్‌లోనే బిగుసుకుపోతుంది. అప్పుడు పారేది అదే 14 ఆంపులు గనక ఫ్యూజుకు ఏ తేడా కనిపించదు, కాయిల్ మాత్రం ఆగకుండా కాలుతుంది. పది సెకన్లకు ఆపేసే టైమర్ చిప్ ఉన్నా, అది అదే గేట్‌ను నడుపుతుంటే పనికిరాదు. ఈ లోపానికి వేరే విరుగుడు కావాలి. ఆ కరెంటుకు తగిన విడి మెయిన్ స్విచ్చి గాని, వరసలో రెండో మాస్‌ఫెట్ గాని, చప్పున ఊడదీయగలిగే సెల్ గాని ఉండాలి.

పరికరం బయట జరిగే షార్టును ఇవేవీ ఆపలేవు. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 చివరి దాకా ఆ దేశంలో 195 ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్ల ఘటనలను నమోదు చేసింది. వాటిలో 133 మంది గాయపడ్డారు. 61 ఘటనలు పరికరమో, విడి సెల్లో జేబులో ఉండగానే జరిగాయి. చిల్లర నాణేలు, తాళంచెవులు సెల్ రెండు కొనలనూ కలిపితే మధ్యలో ఫ్యూజు ఉండదు. అందుకే విడి సెల్లులను ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంచాలి, పైపొర చిరిగిన సెల్‌ను పొర మార్చేదాకా వాడకూడదు.