అక్షరాలతో వెళ్ళని స్వరం

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు ప్రసిద్ధమైన పాటల లయను బల్లపై తట్టాలి. వినేవారు పాటను గుర్తించాలి. సగం పాటలైనా గుర్తిస్తారని తట్టినవారి అంచనా. 120 పాటలలో గుర్తించినవి 3 మాత్రమే. తట్టేవారి మనసులో పాటంతా మోగుతుంది; ఎదుటివారికి వినబడేది చప్పుడే.

ఈమెయిలులోనూ ఇదే జరుగుతుందని 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం చూపింది. తమ వ్యంగ్యం అందుతుందని రాసినవారు నమ్మినంతగా చదివినవారికి అది అందలేదు. గొంతు విన్నవారు మాత్రం మెరుగ్గా గ్రహించారు. రాసేటప్పుడు మనసులో పలికే స్వరం అక్షరాల వెంట వెళ్ళదు. వాట్సాప్‌లో సమ్మతిగా బయలుదేరిన "సరే" సముద్రం దాటేసరికి అలకగా చేరవచ్చు. సున్నితమైన సంగతులను ఫోనులో మాట్లాడుకోవడమే మేలు.