సముద్రుడికి ఆమ్లపిత్తం

భోజనమైన గంటకు గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు, గొంతులో చేదు. ఈ బాధ ఎరుగని గృహం నేడు అరుదు. ఆయుర్వేదం దీనిని ఆమ్లపిత్తమని పేర్కొన్నది. వైద్యులు దీనికి తరచుగా సూచించే ఔషధాలలో శంఖ భస్మం ముఖ్యమైనది. గవ్వల భస్మం, ముత్యపు చిప్ప భస్మం, ప్రవాళ పిష్టి, ముక్తా పిష్టి కూడా ఈ కోవకు చెందినవే. ఇవన్నీ సముద్రం మనకు ప్రసాదించినవి.

అయితే మన ఆమ్లపిత్తానికి మందునిచ్చిన ఆ సముద్రుడే నేడు అటువంటి వ్యాధికి గురవుతున్నాడని గత రెండు మూడు దశాబ్దాల పరిశోధనలు తెలుపుతున్నాయి. ఇది కేవలం పోలిక కాదు. రెండింటి వెనుక ఉన్న రసాయన ధర్మం ఒక్కటే.

ఇంట్లోనే ఒక ప్రయోగం

శుభ్రం చేసిన కోడిగుడ్డు పెంకును గాజు గ్లాసులో వేసి, మునిగేటట్లు నిమ్మరసం పోయండి. కొద్దిసేపటికి పెంకు నుండి సన్నని బుడగలు లేస్తాయి. రసం మార్చుతూ ఒకటి రెండు రోజులు ఉంచితే పెంకు పలుచబడి మెత్తనవుతుంది. గుడ్డు పెంకు, శంఖం, గవ్వ, ముత్యం, పగడం అన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ అనే పదార్థంతో ఏర్పడినవే. అది ఆమ్లాన్ని హరిస్తుంది, ఆ క్రమంలో తానూ కరిగిపోతుంది. శంఖ భస్మం కడుపులోని మంటను తగ్గించడానికి ఈ గుణమే ఒక ముఖ్య కారణం. శంఖాన్ని శుద్ధి చేయడానికి నిమ్మరసాన్ని వాడే పద్ధతి మన రసశాస్త్రంలో ఉన్నదే.

వ్యాధికి మూలం

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించగా వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. యంత్రయుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళున్న ఈ వాయువు నేడు 420 పాళ్ళు దాటింది. నీటిలో కరిగిన ఈ వాయువు ఆమ్లంగా మారుతుంది. ఫలితంగా సముద్రపు పైపొరలలో సుమారు 8.2 ఉండిన పి.హెచ్. విలువ 8.1 ప్రాంతానికి దిగింది. ఈ తేడా చూడడానికి స్వల్పమే. కాని ఈ కొలమానం తీరు వేరు. దాని ప్రకారం ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగినట్లు లెక్క.

సముద్రపు నీరు ఇప్పటికీ క్షార గుణం కలదే. అది పుల్లగా మారిపోలేదు. అయితే పెరిగిన ఆమ్లత్వం నీటిలోని కార్బొనేట్‌ను హరిస్తుంది. గుల్ల కట్టుకొనే జీవులకు అదే ఇటుక, అదే సున్నం. అది కరవైతే గుల్ల కట్టడం కష్టమవుతుంది. మరీ తగ్గితే కట్టిన గుల్ల కూడా కరుగుతుంది.

నీటికే మందు

సముద్రపు సీతాకోకచిలుకలుగా పిలువబడే అతి చిన్న నత్తలు కొన్ని కలవు. దక్షిణ మహాసముద్రంలో సజీవంగా పట్టిన ఈ నత్తల గుల్లలు కరిగి, గరుకుబారి ఉన్నట్లు 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చేపలెన్నింటికో ఈ నత్తలే ఆహారం.

అమెరికాలోని ఆరెగన్ తీరంలో జరిగినది మరింత బోధప్రదం. 2007 ప్రాంతంలో అక్కడ ఆలిచిప్పలను పెంచే కేంద్రాలలో పిల్లలు లక్షల సంఖ్యలో మరణించసాగాయి. తొలుత ఏదో సూక్ష్మక్రిమి కారణమని భావించారు. తరువాత పరీక్షించగా, లోతు నుండి పైకి వచ్చే ఆమ్లత్వం హెచ్చిన నీరే దోషి అని తేలింది. అప్పటి నుండి నీటిని ఎప్పటికప్పుడు పరీక్షిస్తూ, అవసరమైనపుడు సోడియం కార్బొనేట్, అంటే మన బట్టల సోడాలోని పదార్థాన్ని కలిపి పిల్లలను కాపాడుకుంటున్నారు. మనం కడుపుమంటకు మందు పుచ్చుకున్నట్లే వారు నీటికి మందు వేస్తున్నారు. తొట్టెలోని నీటికి ఇది సాధ్యమే. మహాసముద్రానికి ఎవరు వేయగలరు?

ఆమ్లానికి తోడు తాపం

భూమిపై అధికంగా చేరిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మోస్తున్నాయి. నీటి ఉష్ణోగ్రత వేసవి గరిష్ఠ స్థాయి కంటె ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడపు దిబ్బల జీవులు తమకు అన్నం పెట్టే సూక్ష్మ శైవలాలను బయటకు నెట్టివేసి తెల్లబోతాయి. తాపం త్వరగా తగ్గకపోతే మరణిస్తాయి. ఇటువంటి ప్రపంచవ్యాప్త ఉపద్రవం నాలుగవసారి సంభవించినట్లు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ సంవత్సరమే మన లక్షద్వీపాలలోని దిబ్బలు కూడా తీవ్రంగా తెల్లబడ్డాయి. మన దేశపు దిబ్బలకు ఈ ముప్పును ముందుగా హెచ్చరించే వ్యవస్థను నడుపుతున్నది హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం.

ఔషధాలకు వాడే ఎర్ర పగడం వేరు జాతిది. ప్రధానంగా మధ్యధరా సముద్రంలో లభిస్తుంది. అది ఏడాదికి అర మిల్లీమీటరు కూడా లావెక్కదు. 1999, 2003 సంవత్సరాల వేసవులలో వేడికి ఆ పగడాలు కూడా పెద్ద ఎత్తున మరణించాయి.

పోగొట్టుకొనేది ఏమిటి?

సముద్ర మథనంలో ముందు హాలాహలం, తరువాత అమృతకలశంతో ధన్వంతరి వెలువడినట్లు పురాణాలు చెబుతాయి. కొన్ని శంకు నత్తలు విషపు ముల్లుతో మనిషిని కూడా చంపగలవు. ఆ విషంలోని ఒక అంశం ఆధారంగా చేసిన జికోనొటైడ్ అనే మందుకు, భరించరాని నొప్పులకు వెన్నులోకి ఎక్కించడానికి, 2004లో అమెరికా అనుమతి లభించింది. రక్త క్యాన్సరుకు వాడే సైటరాబిన్‌కు మూలమైన ఆలోచన కరేబియన్ స్పంజిక నుండి లభించినదే. యుక్తితో వాడితే విషమైనా ఔషధమవుతుందన్న చరకుని మాటకు ఇవి సాక్ష్యాలు. పరీక్షించని జీవులు ఇంకా ఎన్నో కలవు. అవి నశిస్తే వాటిలోని మందు కూడా వాటితోనే పోతుంది.

చికిత్స

రోగకారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సలో మొదటి మెట్టని సుశ్రుతుడు ఉపదేశించాడు. ఇంధనాన్ని, విద్యుత్తును పొదుపుగా వాడడం ఈ వ్యాధికి మన ఇంటి పథ్యం. ఒక్క ఇంటితో సముద్రం చల్లబడదు. కాని పథ్యం లేని వైద్యం ఎక్కడా ఫలించదు. దేశాలు పాటించవలసిన పథ్యం ఇంకా పెద్దది.

లభించని ద్రవ్యానికి బదులు సమానగుణం గల మరొక దానిని వాడే సంప్రదాయం మనకు ఉన్నది. ముత్యం దొరకనపుడు ముత్యపు చిప్పను గ్రహించమని భావప్రకాశం సూచిస్తుంది. పగడం అవసరమా, చిప్పతోనో కోడిగుడ్డు పెంకు భస్మంతోనో సరిపోతుందా అని మీ వైద్యుని అడగండి. తీరంలో అమ్మే పగడపు దిబ్బల ముక్కలను కొనకండి. ఆ జీవులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది.

భస్మాలు వాడేవారికి సూచనలు

• శంఖాన్ని, గవ్వను ఇంట్లో నూరి తినరాదు. శుద్ధి, పుటం నిపుణుల పని.

• మూత్రపిండాలలో రాళ్ళున్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

• థైరాయిడ్, ఇనుము మాత్రలతో కలిపి వేసుకొనరాదు. ఆ మందులు సరిగా ఒంటపట్టవు.

• వారాల తరబడి మంట తగ్గకపోయినా, నల్లని విరేచనాలైనా భస్మాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి.

ఈసారి శంఖ భస్మం పొట్లం విప్పినపుడు ఒక్క సంగతి స్మరించండి. ఆ తెల్లని పొడి ఒకనాడు సముద్రపు నీటి నుండి ఒక ప్రాణి కణం కణం కూడగట్టి కట్టుకున్న ఇల్లు. ఆ ఇల్లు కట్టుకొనే శక్తి దాని సంతతికి మిగలాలంటే, మన మంటను ఆర్పిన సముద్రుని మంటను మనం ఆర్పవలసి ఉన్నది.