బరువు తెలిసిన తీగ

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నల్లగొండ జిల్లా అంచున 124 మీటర్ల ఎత్తు లేచిన ఆ ఆనకట్ట రాతికట్టడం. యంత్రాలు ఖరీదు, కూలీలు కావలసినంతమంది. అందుకే రాయిని ఎంచుకున్నారు. వాలు పరంజాల మీద వేలమంది రాళ్లూ తట్టలూ మోశారు.

మోసేవాడికి బరువెంతో ఒకరు చెప్పనక్కర్లేదు. మోయలేనిదైతే నడుమే లేవనివ్వదు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా గుంపు మేస్త్రీల వెంట వెళ్లిన పాలమూరు లేబరుకు ఈ లెక్క ఒంట్లోనే ఉండేది.

క్రేన్ వచ్చాక ఆ లెక్క ఒంట్లోంచి పోయింది. యుద్ధంలో కూలిన ఇళ్లను తిరిగి కట్టుకుంటున్న జర్మనీలో 1949లో హాన్స్ లీబ్‌హెర్ విడదీసి తీసుకుపోగల టవర్ క్రేన్ చేశాడు. ఆ వంశంలోవే ఇవాళ హైదరాబాద్ ఆకాశంలో తిరుగుతున్నాయి. పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్ చేతికి అర టన్ను అయినా అయిదు టన్నులైనా లివరు ఒక్కలాగే కదులుతుంది.

పైగా బరువొక్కటే తెలిస్తే చాలదు. నిండు బిందెను చంకనెత్తుకోవడం వేరు, చేయి చాచి పట్టుకోవడం వేరు. 20 మీటర్ల దూరంలో 5 టన్నులూ, 50 మీటర్ల దూరంలో 2 టన్నులూ క్రేన్‌ను ఒకే బలంతో, 100 టన్ను-మీటర్లతో, ముందుకు వంచుతాయి. కొక్కేనికి అదే బరువుండగా, దాన్ని మోసే ట్రాలీ క్రేన్ చేయి చివరికి జరిగితే చాలు, ప్రమాదం దగ్గరపడుతుంది. మొదట్లో దీనికి కాపలా ఉక్కు స్ప్రింగులు: మితిమీరి వంగితే స్విచ్చి పడి మోటారు ఆగేది. ఇంకా ఎంత ఎత్తవచ్చో మాత్రం అవి చెప్పలేవు.

చెప్పగలిగింది సన్నటి తీగ. సాగిన తీగలో విద్యుత్ నిరోధం మారుతుందని లార్డ్ కెల్విన్ 1856లోనే గమనించాడు. దాన్ని పనిముట్టుగా మార్చడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1938లో అమెరికాలో ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా, ఆ తీగను లోహానికి అతికించారు. కాల్‌టెక్‌లో ఎడ్వర్డ్ సిమన్స్. ఎంఐటీలో, భూకంపానికి నీళ్ల ట్యాంకులు ఎలా ఊగుతాయో చూస్తున్న ఆర్థర్ రూజ్. దీనితో పెద్ద వ్యాపారమేమీ జరగదనుకొని ఎంఐటీ హక్కులను రూజ్‌కే వదిలేసింది! అలా అతికించిన తీగే స్ట్రెయిన్ గేజ్.

120 ఓమ్‌ల గేజ్ అతికించిన ఉక్కు మీటరుకు ఒక మిల్లీమీటరు సాగితే నిరోధం మారేది సుమారు 0.24 ఓమ్. వీట్‌స్టోన్ వంతెన అనే సర్క్యూట్ ఆ చిన్న తేడాను పట్టుకుంటుంది. క్రేన్‌లో తాడు తిరిగే గిలక ఇరుసులో ఇలాంటి గేజ్‌లుంటాయి. ట్రాలీ ఎంత దూరంలో ఉందో ఇంకో సెన్సర్ చెబుతుంది, గాలి వేగం మరొకటి. కంప్యూటర్ వీటిని, ఏ దూరంలో ఎంత ఎత్తవచ్చో చెప్పే క్రేన్ పట్టికతో పోల్చి, హద్దు దగ్గరపడగానే మోగుతుంది. దాటితే ఎత్తడాన్నీ, ట్రాలీ ముందుకు జరగడాన్నీ ఆపేస్తుంది. దించడానికీ, వెనక్కి రావడానికీ మాత్రం దారి వదులుతుంది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఇలాంటి హెచ్చరిక పరికరాన్ని అడిగాయి. కానీ ఈ గేజ్ కొలిచేది బరువునే. అతుకులోని పగులు దానికి కనిపించదు. 2020 ఆగస్టు 1న విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో 70 టన్నుల క్రేన్ లోడ్ పరీక్ష జరుగుతుండగానే కూలి 11 మంది చనిపోయారు. అది టవర్ క్రేన్ కాదు. అయినా బరువు తెలిసినంత మాత్రాన క్రేన్ నిలబడుతుందన్న హామీ లేదని అక్కడ తేలింది.

పరికరం నోరు నొక్కే తాళంచెవి కూడా సాధారణంగా దానితోనే వస్తుంది, మరమ్మతుకూ పరీక్షకూ అవసరమని. శ్లాబు ఆలస్యమవుతున్నప్పుడు ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందన్నదే అసలు ప్రశ్న. అందుకే కొత్త వ్యవస్థలు ప్రతి ఎత్తునూ, తాళం తిప్పిన ప్రతిసారినీ సమయంతో సహా రాసి పెట్టుకుంటాయి. కొన్నింటికి క్రేన్ బయట మూడు రంగుల దీపాలు కూడా ఉంటాయి. కింద బరువుకు తాడు కట్టే కూలీ తలెత్తి వాటిని చూడగలడు.