ముత్యం తిప్పితే ముగ్గురు

నగలంటే మోజు లేని ఆడవాళ్లుంటారా? ఆ మోజుతోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫాబెర్జే మ్యూజియానికి వెళ్లాను. ఫొంటాంకా నది ఒడ్డున పాత షువాలోవ్ ప్యాలెస్‌లో 2013లో దీన్ని తెరిచారు.

రష్యా చక్రవర్తులు ఈస్టర్ పండక్కి భార్యకీ, తల్లికీ కానుకిచ్చిన నగిషీ గుడ్లు ఇక్కడ తొమ్మిదున్నాయి. 1885 నాటి మొదటిది పైకి తెల్లగా, అచ్చం మామూలు కోడిగుడ్డే! లోపల బంగారు పచ్చసొన, అందులో బంగారు కోడిపెట్ట.

నన్ను కదలనివ్వనిది మాత్రం 1898 నాటి గులాబీరంగు గుడ్డు. చుట్టూ ముత్యాల పూలు. రెండో నికోలస్ తన భార్య అలెగ్జాండ్రాకిచ్చాడు. పక్కనున్న ముత్యం తిప్పితే పైనుంచి మూడు చిన్న బొమ్మలు లేస్తాయి. ఒకటి భర్తది, ఒకటి రెండేళ్ల ఓల్గాది, ఇంకోటి ఏడాదైనా నిండని తత్యానాది. మనం లాకెట్లో పిల్లల ఫొటోలు పెట్టుకోమూ? మహారాణి అయినా అమ్మే కదా!

1918 జులైలో ఆ తల్లినీ తండ్రినీ, అయిదుగురు పిల్లల్నీ కాల్చి చంపారు. గుడ్డు మాత్రం దేశాలు తిరిగింది. 2004లో అమెరికాలోని ఫోర్బ్స్ కుటుంబం నుంచి రష్యా వ్యాపారి వెక్సెల్‌బర్గ్ కొన్నాక మళ్లీ స్వదేశం చేరింది.

పక్కనెవరో దాని వెల గురించి మాట్లాడుకుంటున్నారు. నా కళ్లు ఆ రెండు పసిముఖాలనే చూస్తున్నాయి.