చూడియావు పడకవేసినప్పుడు

పాఠశాల వార్షిక సంచికలో పశువుల ప్రసక్తి యేల అని కొందరు తల్లిదండ్రులు తలపవచ్చును. హోసూరు, డెంకణికోట ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి పెరటిలో ఒక ఆవో, రెండావులో కలవు. పిల్లల పుస్తకములకును దుస్తులకును పాలసొమ్మే ఆధారమైన యిండ్లను మేమెరుగుదుము. అట్టి యింట నెలలు నిండవచ్చిన ఆవు ఒకనాటి ఉదయమున లేవలేకపోయినచో కలుగు కలవరము చెప్పనలవికాదు. రెండు ప్రాణములు, రాబోవు ఈతలోని పాడి, ఆవును కొనుటకు చేసిన అప్పు, అన్నియు ఒక్కమారే ప్రమాదమున పడును. ఆ వేళ ఇంటివారు ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదో, ఇచట వివరించుచున్నాము.

ఆవు చూడికాలము సుమారు 280 దినములు. దేశవాళి ఆవులు మరికొన్ని దినములు ఎక్కువ మోయుటయు కద్దు. మొదటి ఆరు నెలలలో దూడ పెరుగుదల స్వల్పము. పుట్టునాటి బరువులో సగముకంటె ఎక్కువ భాగము కడపటి మూడు నెలలలోనే చేరును. ఆ కాలమున గర్భములోని దూడ తల్లి నెత్తురునుండి చక్కెరను, కాల్షియమును తనకు కావలసినంత లాగికొనును. తల్లికి మిగిలినదా లేదా అని చూడదు. పెరిగిన గర్భము కడుపును ఇరుకుచేయుటచే తల్లి ఒక్కమారుగా తినగల మేతయు తగ్గును. కనుకనే వట్టి ఆవు ఓర్చుకొనగల పస్తును చూడియావు ఓర్చుకొనజాలదు.

పడకవేయుటకు కారణములు పెక్కు. పాలజ్వరమందురే, దాని పేరులో జ్వరమున్నను ఒంటిలో ఉండదు. చెవులు చల్లబడి, ఆవు మెడను డొక్కవైపునకు మలచుకొని మగతగా పడియుండును. నెత్తురులో కాల్షియము తగ్గుటయే దీనికి కారణము. ఇది ఈనిన మూడు దినములలో ఎక్కువగాను, ఈనుటకు ముందు కొన్నిమార్లును వచ్చును. బాగుగా బలిసిన ఆవునకు మేత తగ్గినచో అది తన కొవ్వునే కరగించుకొని కాలేయమును చెరుపుకొనును. పిడుదులవలన వచ్చు థైలీరియా జ్వరము సంకరజాతి ఆవులను మిక్కిలి బాధించును. మేతతో మ్రింగిన తీగముక్క నెలలు నిండిన గర్భపు ఒత్తిడిచే ముందునకు జరిగి గుండెవైపు గుచ్చుకొనుటయు కలదు. మన దేశమున 2019లో ఒడిశాలో మొదట కనబడిన ముద్దచర్మ వ్యాధి కూడ చూడియావులకు కీడు చేయును. ఇవి ఏవియు కాక, తడిసిన సిమెంటు నేలపై జారిపడిన ఆవులును కలవు. వీనిలో ఏది అని తేల్చుట వైద్యుని పని.

వైద్యుడు వచ్చులోగా ఇంటివారు చేయదగిన పని గమనించుట. పశువులకు వేరుగా ఉంచిన థర్మామీటరును దారముతో కట్టి, ఆసనములో రెండు నిమిషములుంచి చూడవలెను. ఆవు ఒంటివేడి మామూలుగా 101.5 డిగ్రీల ప్రాంతమున నుండును. 103 దాటినచో జ్వరము. 100కు తగ్గినచో అదియు అపాయమే. ఎడమ డొక్క పల్లములో పిడికిలి అదిమి పట్టినచో కడుపు కదలిక చేతికి తెలియును. రెండు నిమిషములలో రెండు మూడుమార్లు కదలవలెను. నెమరు వేసినదా, పేడ వేసినదా, నీరు ఎంత త్రాగినది, ఇవన్నియు వేళతో సహా వ్రాసియుంచుట మేలు. చదువుకొన్న పిల్లలు ఇంటనున్నారు గదా, ఈ పని వారికి అప్పగింపుడు. వైద్యునకు మొట్టమొదట చెప్పవలసినది ఆవు ఎన్నవ నెల చూడి అనునది. మనము చూడి అనుదానిని తమిళమున సినై అనియు, కన్నడమున గబ్బ అనియు అందురు. సరిహద్దు ప్రాంతమున నున్నవారమగుటచే ఈ మూడు మాటలును మనకు అవసరమే.

ఇక అసలు విషయము. పడకవేసిన ఆవునకు పడుకొనుటయే రెండవ రోగమగును. మూడు నాలుగు వందల కిలోల బరువు గట్టినేలపై ఒకే ప్రక్క కొన్ని గంటలున్నచో, క్రిందనున్న తొడ కండరములకు నెత్తురు ఆడక అవి చచ్చుబడును. మొదటి రోగము మందుచే కుదిరినను ఆవు లేవలేదు. మందుకు లొంగలేదని మనము విచారింతుము గాని, అది లొంగినది మందుకే, లొంగనిది నేలకు. అందుచేత మొదటి గంటలోనే ఆవును సిమెంటు నేలనుండి తప్పించి, మట్టిపైనో ఇసుకపైనో చేర్చి, జానెడు మందమున రాగిగడ్డిగాని వరిగడ్డిగాని పరవవలెను. జరుపునప్పుడు కాళ్లు పట్టి ఈడ్వక, గట్టి గోనెపట్టాపైకి దొర్లించి దానినే లాగవలెను. మూడు నాలుగు గంటలకొకమారు, రాత్రియందును, ప్రక్క మార్చవలెను. ఆవు ఒరిగిపోక రొమ్ముపై నిలిచి కూర్చుండునట్లు గడ్డి కూరిన గోనెసంచులను ఇరుప్రక్కల ఆనించవలెను. పూర్తిగా ఒరిగినచో కడుపుబ్బి ప్రాణాపాయము. వెనుక కాళ్లు రెండును ప్రక్కలకు చీలిపోకుండ మెత్తని గుడ్డ చుట్టిన త్రాటితో రెండడుగుల ఎడముంచి కట్టుదురు. ఈ రాత్రికాపు ఒక్కరివలన కానిది. ఇరుగుపొరుగువారు వంతులు వేసికొనిన ఇండ్లలో ఆవులు లేచుట మేము చూచియున్నాము. పది దినములు దాటిన పిమ్మట లేచినవియు కలవు.

ఆవును లేపుటకై తోక మెలిపెట్టుట, ముక్కులో మిరపపొడి ఊదుట ఇంకను కొన్నిచోట్ల కలదు. ఇది క్రూరము, నిష్ప్రయోజనము కూడ. లేవదలచి లేవలేని పశువును కొట్టినచో తుంటి కీలు తప్పవచ్చును, గర్భమునకును దెబ్బ.

వెదురుగొట్టముతో మందు పోయుట మన పెద్దలనాటి అలవాటు. నిలిచియున్న, తెలివిగల పశువునకు ఎరిగినవారు పోసిరేమో కాని, మగతగా పడియున్న ఆవునకు పోయుట ప్రాణముతో చెలగాటము. దానికి మ్రింగు శక్తి సన్నగిల్లియుండును. పోసిన కషాయము గాలిగొట్టములో దిగి ఊపిరితిత్తులను చెరుపును. అట్లే నీరసించినదని కుండెడు గంజియో రాగి అంబలియో ఒక్కమారే పెట్టినచో కడుపులో పులుపు పుట్టి మరింత చెరుపు చేయును. పచ్చగడ్డి గుప్పెడేసి నోటికందించుట, వెడల్పు పాత్రలో నీరు దినమునకు అయిదారుమార్లు ముందుంచుట, ఇవి చాలును. బెల్లపు నీరు తానై త్రాగినచో త్రాగనిండు.

మందుల అంగడిలో అడిగి సూదిమందు తెచ్చుటయు అట్టిదే. వాపునకిచ్చు కొన్ని స్టెరాయిడు మందులు కడపటి నెలలలో ఆవును అకాలమున ఈనించును. నొప్పికి వాడుచుండిన డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడరాదని 2006లో ప్రభుత్వము నిషేధించినది. కళేబరములు తిన్న రాబందులు దానివలన నశించుటయే కారణము. కాల్షియము సీసాను నరములో వేగముగా ఎక్కించినచో గుండె ఆగును, కనుక అదియు వైద్యుని చేతనే కావలెను. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు ఈనాడు కలదు.

కొన్నిమార్లు వైద్యుడు తల్లియా, దూడయా అని అడుగవలసివచ్చును. ముందుగా ఈనించినచో తల్లిపై భారము తగ్గును; కాని 260 దినములు నిండక బయటపడిన దూడ బ్రతుకుట అరుదు. మా అభిప్రాయము తల్లిని నిలుపుకొనుటయే. తల్లి దక్కినచో మరల కట్టును. అయినను తల యెత్తి మేతకు నోరు చాపుచు, లేచుటకు ప్రయత్నించుచున్న ఆవు విషయమున తొందరపడనక్కరలేదు. చూడి నాటిన తేదీ వ్రాసియుంచిన యింట ఈ నిర్ణయము కొంత సులభము.

నెలలు నిండక దూడను వేసినచో అది బ్రూసెల్లా రోగమై ఉండవచ్చును. అది మనుష్యులకును సోకును. పిల్లలను, గర్భిణీ స్త్రీలను దూరముంచి, చేతితొడుగులతో మాయను, దూడను లోతుగా సున్నము వేసి పాతిపెట్టవలెను. పాలు కాచక త్రాగరాదు. పెయ్యదూడలకు నాలుగు నెలలు మొదలు ఎనిమిది నెలలలోగా ఒకమారు దీనికి టీకా వేయుదురు.

దైవవశమున ఆవు లేచి, సుఖముగా ఈనినచో, మొదటి రెండు గంటలలోగా దూడకు జున్నుపాలు పట్టవలెను. తల్లి నీరసముచే పాలు చేపనియెడల పొరుగింట ఈనిన ఆవు పాలైనను తేవలెను. దినమునకు దూడ బరువులో పదవవంతు కొలత. అనగా పాతిక కిలోల దూడకు రెండున్నర లీటర్లు, మూడు నాలుగు దఫాలుగా. అంతవరకు ఇంటివారి జున్నుగిన్నె ఆగవలసినదే.